నాన్నగారికి అన్నవాహిక క్యాన్సర్, నాకు ఏళ్ల తరబడి గుండెల్లో మంట: ఎండోస్కోపీ ఎప్పుడు, ఎన్నిసార్లు?

ప్రశ్న: మాది ఖమ్మం. నా వయసు 46. నాన్నగారు 61వ ఏట అన్నవాహిక క్యాన్సర్‌తో పోయారు. ముద్ద దిగడం లేదని ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే ముదిరిపోయిందన్నారు. నాకు ఏడెనిమిదేళ్లుగా గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు. వారంలో రెండు మూడు రోజులైనా ఉంటుంది. మంట వచ్చినప్పుడల్లా మందుల షాపులో పాంటాప్రజోల్ తెచ్చుకుని వేసుకుంటాను, తగ్గగానే మానేస్తాను. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 88 కిలోలు. పదిహేనేళ్లు సిగరెట్లు తాగి, పదేళ్ల కిందట మానేశాను. ఈ క్యాన్సర్ వంశపారంపర్యమా? ఏటేటా ఎండోస్కోపీ చేయించుకోవాలా? రక్తపరీక్షతో తెలిసిపోతుందని ఒకరంటున్నారు, నిజమేనా? మా చెల్లికి 41, ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. మా అబ్బాయికి 17. వాళ్లకు కూడా పరీక్షలు చేయించాలా?

సమాధానం: తండ్రిని అలా పోగొట్టుకున్నవారికి ప్రతి పుల్లటి తేన్పుకూ భయం వేయడం సహజమే. అందుకే ముందు సూటిగా జవాబులు చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాం. మీరు ఒకసారి ఎండోస్కోపీ చేయించుకోవాలి. రేపే పరుగెత్తనక్కర్లేదు, నెలా రెండు నెలల్లో చేయించుకుంటే చాలు. ఏటేటా అవసరం లేదు. ఈ క్యాన్సర్‌ను ముందుగా పట్టిచ్చే రక్తపరీక్ష ఏదీ లేదు. చెల్లెలికీ అబ్బాయికీ ఇప్పుడు ఎండోస్కోపీ వద్దు. అయితే అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. నాన్నగారి పాత ఫైలు తీసి, ఆయనకు వచ్చింది ఏ రకం క్యాన్సరో చూడండి. అది తెలియకుండా ‘మా ఇంట్లో అన్నవాహిక క్యాన్సర్ ఉంది’ అని చెబితే డాక్టరుకు సగం సమాచారమే అందినట్టు.

అన్నవాహికలో ప్రధానంగా రెండు రకాల క్యాన్సర్లు వస్తాయి. అవి వచ్చే చోటు వేరు, కారణాలు వేరు, ఇంట్లో మిగతావాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలూ వేరు. మొదటిది స్క్వామస్ సెల్ కార్సినోమా. ఎక్కువగా అన్నవాహిక పైభాగంలో, మధ్యభాగంలో వస్తుంది. పొగాకు, మద్యం, వక్క, గుట్కా, పొగలు కక్కే వేడితో తాగే పానీయాలు దీనికి కారణాలు. మన దేశంలో అన్నవాహిక క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఇదే. దీనికీ ఎసిడిటీకీ సంబంధం లేదు. రెండోది అడినోకార్సినోమా. అన్నవాహిక అడుగున, కడుపుతో కలిసే చోట వస్తుంది. ఏళ్ల తరబడి పైకి తన్నే ఆమ్లం, పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు, పొగతాగడం దీనికి దారితీస్తాయి. పాశ్చాత్య దేశాల్లో గత నాలుగైదు దశాబ్దాల్లో బాగా పెరిగింది ఇదే. మీ గుండెల్లో మంటకు సంబంధం ఉన్నదల్లా ఈ రెండో రకంతోనే.

ఫైల్లో వెతకాల్సింది ‘హిస్టోపాథాలజీ రిపోర్ట్’ అన్న కాగితం. సాధారణంగా ఒక పేజీయే ఉంటుంది. చివర్లో ‘ఇంప్రెషన్’ లేదా ‘డయాగ్నసిస్’ అన్న మాట కింద ఒకటి రెండు లైన్లలో రకం పేరు రాసి ఉంటుంది. ఆ తర్వాత అప్పటి ఎండోస్కోపీ రిపోర్ట్ చూడండి. అందులో ‘గ్రోత్ ఫ్రమ్ 26 టు 31 సెం.మీ.’ లాంటి అంకెలు కనిపిస్తాయి. అవి ముందుపళ్ల దగ్గర నుంచి కొలిచిన దూరాలు. అన్నవాహిక కడుపుతో కలిసే చోటు పెద్దవాళ్లలో దాదాపు 40 సెం.మీ. దగ్గర ఉంటుంది. కాబట్టి గడ్డ 20 నుంచి 30 మధ్య ఉంటే అది పై, మధ్య భాగాల్లో ఉన్నట్టు. 35 దాటితే అడుగున ఉన్నట్టు. రకం రాసిన కాగితం దొరక్కపోయినా ఈ అంకెలు చాలావరకు దారి చూపుతాయి.

ఫైలే లేకపోతే వైద్యం చేసిన ఆసుపత్రిలో మెడికల్ రికార్డ్స్ విభాగానికి వెళ్లి, నాన్నగారి పేరు, ఆసుపత్రి నంబరు, చేరిన సంవత్సరం రాసి దరఖాస్తు ఇవ్వండి. మరణ ధ్రువపత్రం, మీరు ఆయన కొడుకని తెలిపే గుర్తింపు కాగితం వెంట ఉంచుకోండి. 2002 నాటి వైద్యుల వృత్తి నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైనప్పటి నుంచి మూడేళ్లు భద్రపరచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్లు దాటినా ఆశ వదులుకోకండి. పెద్ద ఆసుపత్రులు, ముఖ్యంగా క్యాన్సర్ ఆసుపత్రులు, అంతకన్నా ఎక్కువ కాలం దాచి ఉంచుతాయి. బయాప్సీ ముక్కను, అంటే పరీక్ష కోసం గడ్డ నుంచి తీసిన చిన్న ముక్కను, మైనంలో పెట్టి దాచిన బ్లాకులు కూడా పాథాలజీ విభాగంలో ఏళ్ల తరబడి ఉంటాయి. మరణ ధ్రువపత్రం మీద మాత్రం క్యాన్సర్ రకం దొరుకుతుందని అనుకోకండి.

ఏ కాగితమూ దొరక్కపోతే అమ్మగారిని, పెదనాన్న, బాబాయిలను అడిగి నాన్నగారి అలవాట్లు రాసుకోండి. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, సారా, బ్రాందీ: ఏది, ఎన్నేళ్లు? మన ఇళ్లల్లో ‘గొంతు క్యాన్సర్’ అన్న ఒక్క మాట కిందే స్వరపేటిక క్యాన్సర్, అన్నవాహిక క్యాన్సర్, చివరికి కడుపు పైభాగంలో వచ్చిన క్యాన్సర్ కూడా చేరిపోతుంటాయి. ముద్ద దిగకపోవడం ముందు వచ్చిందా, గొంతు బొంగురుపోవడం ముందు వచ్చిందా అన్నది కూడా అడగండి.

వంశపారంపర్యమా అన్న మీ ప్రశ్నకు వద్దాం. ఒక జన్యువు తండ్రి నుంచి కొడుక్కి వచ్చి తప్పనిసరిగా ఈ క్యాన్సర్ తెచ్చే పరిస్థితి చాలా అరుదు. అరిచేతులు, అరికాళ్లు చిన్నతనం నుంచీ మందంగా, గట్టిగా ఉండే టైలోసిస్ అనే జబ్బున్న కుటుంబాల్లో స్క్వామస్ రకం తరతరాలుగా కనిపిస్తుంది. మీ ఇంట్లో అలాంటి చర్మం ఎవరికైనా ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. అది లేకపోతే, స్క్వామస్ రకం ఒకే ఇంట్లో ఇద్దరికి రావడం వెనుక చాలావరకు ఉండేది ఆ ఇంటి అలవాట్లే. అడినోకార్సినోమా విషయంలో వారసత్వం పాత్ర కొంత స్పష్టంగా కనిపిస్తుంది. ఈ క్యాన్సర్, లేదా దీనికి ముందు దశ అయిన ‘బారెట్స్’ మార్పు ఉన్నవారిలో దాదాపు 100కి 7 మందికి దగ్గరి బంధువుల్లో ఇంకొకరికీ అదే ఉన్నట్టు అమెరికా అధ్యయనాల్లో తేలింది. అంటే మిగతా 93 మందికి కుటుంబ చరిత్ర లేదు. తండ్రికి ఉందంటే మీ ముప్పు పెరుగుతుంది, మీకూ వచ్చితీరుతుందని మాత్రం కాదు.

బారెట్స్ అంటే ఏమిటో తెలిస్తే ఎండోస్కోపీ ఎందుకో అర్థమవుతుంది. అన్నవాహిక లోపలి పొర మన నోటి లోపలి చర్మం లాంటిదే. ఆమ్లాన్ని తట్టుకునేలా తయారైంది కాదు. ఏళ్ల తరబడి ఆమ్లం, పైత్యరసం పైకి తన్నుతూ ఉంటే కొందరిలో అడుగున ఆ లేత గులాబీ పొర పోయి, పేగు గోడను పోలిన ఎర్రటి పొర పెరుగుతుంది. 1950లో దీన్ని వర్ణించిన బ్రిటిష్ సర్జన్ నార్మన్ బారెట్ పేరే దీనికి నిలిచింది. ఈ మార్పు క్యాన్సర్ కాదు. కణాలు ఇంకా వికృతం కాని దశలో ఉన్న బారెట్స్ క్యాన్సర్‌గా మారేది ఏడాదికి 200 మందిలో ఒకరికి మించదు. చాలామంది బారెట్స్‌తోనే నిండు జీవితం గడిపి వేరే కారణాలతో పోతారు. కానీ మారేవారిలో అది మెట్టు మెట్టుగా, చాలాసార్లు ఏళ్ల మీద జరుగుతుంది కాబట్టి మధ్యలో పట్టుకునే వీలుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. మంట తీవ్రతను బట్టి ముప్పును అంచనా వేయలేం. బారెట్స్ పొరకు మంట తెలియడం తక్కువ. ఒకప్పుడు విపరీతంగా మండి, తర్వాత దానంతట అదే తగ్గినవారిలో కొందరికి జరిగింది ఇదే. స్వీడన్‌లో 1999లో వచ్చిన ప్రసిద్ధ అధ్యయనంలో అడినోకార్సినోమా రోగుల్లో 100కి 40 మందికి అంతకుముందు వారం వారం వచ్చేంత మంట లేనేలేదు. అందుకే ‘మాత్ర వేస్తే తగ్గిపోతోంది కదా’ అన్న ధీమా పనికిరాదు. మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుంది, మంట పోతుంది. లోపలి పొర ఎలా ఉందో అది చెప్పదు.

మరి మంట ఉన్న ప్రతివారికీ ఎండోస్కోపీ చేయాలా? వద్దు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దీర్ఘకాలిక రిఫ్లక్స్ (ఆమ్లం పైకి తన్నడం)తో పాటు మరో మూడు కారణాలు ఉన్నవారికి ఒకసారి చూడాలి. ఆ కారణాలు: మగవారు కావడం, 50 దాటిన వయసు, తెల్లజాతి, పొగతాగిన చరిత్ర, ఊబకాయం, తల్లిదండ్రుల్లో గాని తోబుట్టువుల్లో గాని పిల్లల్లో గాని బారెట్స్ లేదా అడినోకార్సినోమా. ఇప్పుడు మీ లెక్క చూడండి. ఏడెనిమిదేళ్లుగా వారం వారం మంట ఉంది. మగవారు. పదిహేనేళ్లు సిగరెట్ తాగారు. మానేసి మంచి పని చేశారు, కానీ ఆ చరిత్ర లెక్కలోకి వస్తుంది. ఎత్తునూ బరువునూ బట్టి లెక్కగట్టే మీ బీఎంఐ 30 దాటింది, అది ఊబకాయం కిందికే వస్తుంది. అంటే నాన్నగారి సంగతి పక్కన పెట్టినా మూడు కారణాలు పూర్తయ్యాయి. ఆయనది అడినోకార్సినోమా అని తేలితే నాలుగు. మనవాళ్లలో బారెట్స్ పాశ్చాత్యులకన్నా తక్కువే. అయినా మీ విషయంలో ఒకసారి చూడడం సబబు.

నాన్నగారిది స్క్వామస్ అని తేలితే కూడా ఈ ఎండోస్కోపీ చేయించుకోవాల్సిందే, కారణం మీ రిఫ్లక్సే కాబట్టి. అప్పుడు డాక్టరుకు ఒక మాట అదనంగా చెప్పండి: ‘మా నాన్నగారిది స్క్వామస్, మధ్యభాగంలో. పైనుంచి కింద వరకూ నిదానంగా చూడండి.’ స్క్వామస్ తొలి మార్పులు మామూలు వెలుగులో కంటికి ఆనవు. ఎన్‌బీఐ అనే నీలి–ఆకుపచ్చ కాంతిలోనో, లూగాల్స్ అయోడిన్ చల్లినప్పుడో బయటపడతాయి. అయోడిన్ పడ్డాక ఆరోగ్యంగా ఉన్న పొర ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. తేడా ఉన్న చోటు రంగు పట్టక పాలిపోయి మిగులుతుంది. పొగాకు, మద్యం రెండూ ఎక్కువగా ఉన్నవారికి, నోటి క్యాన్సర్ ఒకసారి వచ్చినవారికి ఇది బాగా ఉపయోగం. అయోడిన్ అలర్జీ, థైరాయిడ్ సమస్య ఉంటే ముందే చెప్పాలి.

ఎండోస్కోపీకి ముందు మాత్రలు ఆపాలా అన్నది అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. మీ జబ్బు నిజంగా రిఫ్లక్సేనా అన్న సందేహం ఉంటే పాంటాప్రజోల్‌ను 2 నుంచి 4 వారాలు ఆపి చూస్తారు. బారెట్స్ ఉందా అన్నదే ప్రశ్న అయితే మాత్ర వాడుతున్నప్పుడు చూసినా ఫరవాలేదు, పైగా వాపు తగ్గి పొర స్పష్టంగా కనిపిస్తుంది. కడుపులో ఉండే హెలికోబాక్టర్ అనే బ్యాక్టీరియాకు పరీక్ష కూడా చేస్తామంటే రెండు వారాలు ఆపాలి, లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు వచ్చే ప్రమాదం ఉంది. ఆస్పిరిన్, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే మీ అంతట మీరు ఆపొద్దు. చిన్న బయాప్సీకి చాలాసార్లు ఆపనక్కర్లేదు, గుండెకు మాత్రం వాటి అవసరం ఉంటుంది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ ఆ ఉదయం ఎంత వేసుకోవాలో ముందే రాయించుకోండి. బరువు తగ్గడానికో షుగర్‌కో సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్ తీసుకుంటుంటే ఆ మాట తప్పక చెప్పాలి, వాటితో కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది.

ముందురోజు రాత్రి ఎనిమిదికల్లా తేలిగ్గా తినండి. ఆ తర్వాత ఘనాహారం వద్దు, కనీసం 6 నుంచి 8 గంటల ఖాళీ ఉండాలి. మంచినీళ్లు పరీక్షకు 2 గంటల ముందు వరకు తాగొచ్చు. పాలు, కాఫీ, మజ్జిగలను మంచినీళ్ల కింద లెక్కపెట్టకండి. కడుపులో ఆహారం మిగిలితే డాక్టరుకు లోపల సరిగా కనపడకపోవడమే కాదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. గొంతులో లిగ్నోకెయిన్ స్ప్రే కొడతారు, ఎడమపక్కకు తిప్పి పడుకోబెడతారు. స్ప్రేతోనే చేయించుకోగలిగేవారు చాలామంది. వాంతి వచ్చినట్టవడం ఎక్కువగా ఉంటుందని భయపడేవారు మత్తు అడగొచ్చు. మీలాంటివారికి మత్తుతో చేస్తే మేలు, కదలకుండా ఉంటే డాక్టరు నిదానంగా చూడగలరు. మత్తు ఇస్తే వెంట ఒక మనిషి ఉండాలి, 24 గంటలు బండి నడపకూడదు. తిమ్మిరి పూర్తిగా పోయే వరకు ఏమీ తినకండి, తాగకండి. ఇంటికొచ్చాక తీవ్రమైన ఛాతీ నొప్పి, జ్వరం, రక్తపు వాంతి, మెడ దగ్గర వాపు వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి; ఇవి చాలా అరుదు.

ఎండోస్కోపీ చేయించుకున్నామన్నది ఎంత ముఖ్యమో, ఎలా చేశారన్నది అంతకన్నా ముఖ్యం. రద్దీ ఎక్కువగా ఉన్న చోట కెమెరా గబగబా కడుపులోకి దించి, వెనక్కి లాగి, ‘జీఈఆర్‌డీ, యాంట్రల్ గ్యాస్ట్రైటిస్’ (రిఫ్లక్స్ జబ్బు, కడుపు కింది భాగంలో వాపు) అని రాసి పంపేస్తే మీ ప్రశ్నకు జవాబు రాదు. నురగ, జిగురు కడిగి, అన్నవాహిక–కడుపు కలిసే చోట ఆగి చూడాలి. బారెట్స్ కనిపిస్తే ప్రతి సెంటీమీటరుకూ ఒక నిమిషం కేటాయించడం మంచి పద్ధతి. అందుకే అపాయింట్‌మెంట్ అప్పుడే ‘బారెట్స్ కోసం చూడాలి, కుటుంబ చరిత్ర ఉంది’ అని చెప్పి చీటీ మీద రాయించండి. రిపోర్టులో ఫొటోలు అడగండి.

రిపోర్టు చేతికొచ్చాక చూడాల్సినవి కొన్నే. ‘జెడ్ లైన్’ అంటే రెండు పొరలు కలిసే గీత. ‘ఇర్రెగ్యులర్ జెడ్ లైన్’ అని ఉంటే కంగారుపడకండి: ఎర్రపొర ఒక సెంటీమీటరు కన్నా తక్కువ పైకి వచ్చి ఉంటే దాన్ని బారెట్స్ అనరు, మామూలుగా బయాప్సీ కూడా తీయనక్కర్లేదు. ఈ ఒక్క మాట వల్ల లేని జబ్బును తలకెత్తుకుని ఏటేటా ఎండోస్కోపీల చుట్టూ తిరిగేవారు ఉన్నారు. ‘ఎల్.ఏ. గ్రేడ్’ ఎ నుంచి డి వరకు ఆమ్లం వల్ల పడిన పుండ్ల తీవ్రత చెబుతుంది. సి గాని డి గాని వస్తే, 8 నుంచి 12 వారాలు మాత్రలు రోజూ వేసుకుని మళ్లీ ఒకసారి చూడాలి, ఎందుకంటే పుండ్ల కింద బారెట్స్ దాగి ఉండొచ్చు. ఈ రెండో ఎండోస్కోపీని చాలామంది ‘మంట తగ్గింది కదా’ అని ఎగ్గొడతారు. మీరు అలా చేయకండి. బారెట్స్ ఉంటే ‘సి 1 ఎం 3’ లాంటి అంకెలు రాస్తారు: సి అంటే చుట్టూతా ఎంత ఎత్తు వరకు ఉందో, ఎం అంటే నాలుకలా సాగిన ఎర్రపొరలో అన్నిటికన్నా పొడవైనది ఎంత పైకి వచ్చిందో, సెంటీమీటర్లలో. ఈ అంకెలు లేని బారెట్స్ రిపోర్టు అసంపూర్ణం.

బయాప్సీని ప్రతి 2 సెం.మీ.కూ చుట్టూ నాలుగు వైపుల నుంచి తీయాలి, తేడాగా కనిపించిన చోటు నుంచి విడిగా తీయాలి. ఒకే ముక్క తీసి ‘ఏమీ లేదు’ అంటే దాని మీద భరోసా పెట్టుకోలేం. పాథాలజీ రిపోర్టులో ‘ఇంటెస్టినల్ మెటాప్లాసియా’, ‘గోబ్లెట్ సెల్స్’ అన్న మాటలుంటే బారెట్స్ ఖాయం. ‘డిస్ప్లాసియా’, అంటే కణాలు వికృతంగా మారడం, ఉందా లేదా అన్నదే అసలు మలుపు. ఉందంటే ఏ నిర్ణయానికైనా ముందు ఆ స్లైడ్లను జీర్ణకోశ పాథాలజీలో అనుభవమున్న మరొకరికి చూపించాలి. ముఖ్యంగా ‘లో గ్రేడ్’ (తక్కువ స్థాయి మార్పు; ఎక్కువ స్థాయిదైతే ‘హై గ్రేడ్’) అన్న చోట ఇద్దరు పాథాలజిస్టులు ఏకాభిప్రాయానికి రాకపోవడం మామూలే.

ఫలితాన్ని బట్టి దారి ఇలా ఉంటుంది. అన్నవాహిక మామూలుగా ఉంటే రిఫ్లక్స్ వైద్యం తీసుకుంటే చాలు, కొత్త లక్షణం రాకపోతే మళ్లీ ఎండోస్కోపీ అక్కర్లేదు. డిస్ప్లాసియా లేని బారెట్స్ 3 సెం.మీ. లోపైతే 5 ఏళ్లకు, 3 గాని అంతకన్నా ఎక్కువ గాని అయితే 3 ఏళ్లకు మళ్లీ చూస్తారు. ఆమ్లం తగ్గించే మాత్ర రోజూ వాడాలి. లో గ్రేడ్ డిస్ప్లాసియా ఖాయమైతే ఆ పొరను కాల్చేయడమో, దగ్గర దగ్గరగా గమనించడమో ఎంచుకోవాలి. హై గ్రేడ్, లేదా పైపొర దాటని తొలిదశ క్యాన్సర్ అయినా ఇప్పుడు చాలావరకు కోత లేకుండానే, ఎండోస్కోపీ ద్వారా ఆ భాగాన్ని చెక్కి తీసి, మిగిలిన బారెట్స్‌ను రేడియో తరంగాల వేడితో కాల్చేస్తారు.

ఈలోగా మాత్రల వాడకం సరిచేసుకోండి. పాంటాప్రజోల్ 40 మి.గ్రా. పరగడుపున, టిఫిన్‌కు 30 నుంచి 60 నిమిషాల ముందు, రోజూ, 8 వారాలు. ఆమ్లం తయారుచేసే పంపులు ఆహారం పడగానే పనిలోకి దిగుతాయి. ఆ సమయానికి మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. భోజనం తర్వాత మంట మొదలయ్యాక వేసుకుంటే సగం వృథా. మీలా రెండు రోజులు వేసి నాలుగు రోజులు మానేస్తే పుండ్లు మానవు. నెలల తరబడి వాడి ఒక్కసారి ఆపితే కొన్ని వారాలు ఆమ్లం మామూలుకన్నా ఎక్కువగా ఊరుతుంది. దాన్ని జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్లీ మొదలుపెడతారు. ఆపాలంటే మోతాదు తగ్గించుకుంటూ రావడం నయం, డాక్టరు చెప్పాకే. మందుల షాపులో పాంటాప్రజోల్ అడిగితే డోంపెరిడోన్ కలిపిన క్యాప్సూల్ ఇవ్వడం మన దగ్గర పరిపాటి. డోంపెరిడోన్ కొందరిలో గుండె లయ తప్పిస్తుంది, దాన్ని చీటీ లేకుండా నెలల తరబడి వాడకూడదు. కవరు వెనుక పేర్లు చదివి తీసుకోండి. కీళ్లనొప్పులకు డైక్లోఫెనాక్ లాంటివి, బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, రెండూ మంట పెంచగలవు.

మందుకు సాటిగా పనిచేసేది బరువు తగ్గడం. పొట్ట కొవ్వు కడుపును కింద నుంచి నొక్కి ఆమ్లాన్ని పైకి తోస్తుంది. మన మగవాళ్లకు నడుము 90 సెం.మీ. లోపు ఉండాలి. మీరు ఏడెనిమిది కిలోలు తగ్గినా తేడా తెలుస్తుంది. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య 3 గంటలు వదలండి. తొమ్మిదిన్నరకు తిని పదింటికి పడుకునే ఇళ్లల్లో ఈ ఒక్క మార్పుతోనే చాలామందికి రాత్రి మంట ఆగుతుంది. తల కింద రెండు దిండ్లు పెట్టుకుంటే మెడ వంగి పొట్ట నొక్కుకుపోతుంది. దానికి బదులు మంచం తలవైపు కోళ్ల కింద 6 నుంచి 8 అంగుళాల ఎత్తు చెక్క దిమ్మలు పెట్టండి. ఎడమపక్కకు తిరిగి పడుకోండి. ఆవకాయ, మిర్చి బజ్జీ, కాఫీ, పులుపు: వీటిలో మీకు ఏది పడదో రెండు వారాలు రాసుకుని చూసి, దాన్నే తగ్గించండి. అన్నీ మానేసి చప్పిడి కూడు తినాల్సిన పని లేదు. టీ మాత్రం పొయ్యి మీద నుంచి దించగానే తాగకండి. 65 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడితో తాగే పానీయాలను 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్‌కు కారణం కావచ్చన్న జాబితాలో చేర్చింది.

రక్తపరీక్షల ప్యాకేజీలో సీఈఏ లాంటి ‘క్యాన్సర్ మార్కర్ల’ అంకెలు ఇస్తారు. తొలిదశలో అవి మామూలుగానే ఉంటాయి, సిగరెట్ తాగేవారిలో ఊరికే పెరుగుతాయి. డబ్బు దండగ, పైగా తప్పుడు ధీమా. బేరియం ఎక్స్‌రే బారెట్స్‌ను చూపదు. దారానికి కట్టిన స్పాంజి క్యాప్సూల్ మింగించి కణాలు సేకరించే పరీక్ష ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి పరిశోధకులు తెచ్చారు, మంచి పరీక్ష. కానీ మీ లాంటివారికి మన దగ్గర సూటిదారి ఎండోస్కోపీయే. ప్రభుత్వం 30 దాటినవారికి చేసే క్యాన్సర్ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం మాత్రమే ఉన్నాయి. కాబట్టి ఎవరో పిలుస్తారని ఎదురుచూడకుండా మీరే గ్యాస్ట్రోఎంటరాలజిస్టు దగ్గరకు వెళ్లాలి.

పైన చెప్పిన నెలా రెండు నెలల గడువు వర్తించని సందర్భాలు ఉన్నాయి. ముద్ద దిగేటప్పుడు అడ్డం పడడం, మింగితే నొప్పి, తెలియకుండా బరువు తగ్గడం, రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం, రక్తహీనత, ఆగని వాంతులు: వీటిలో ఏది ఉన్నా ఈ వారంలోనే ఎండోస్కోపీ. ముద్ద అడ్డం పడడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, నాన్నగారి విషయంలో ఆలస్యం ఎక్కడ జరిగి ఉంటుందో కూడా దీంతో అర్థమవుతుంది. అన్నవాహిక సాగే గొట్టం. దాని దారి 13 మిల్లీమీటర్ల కన్నా సన్నబడ్డాక గాని ఘనాహారం పట్టినట్టు తెలియదు. మొదట చపాతీ, మాంసం ముక్క, పొడి అన్నం ఆగుతాయి. మనిషి పక్కన గ్లాసు పెట్టుకుని ప్రతి ముద్దకూ గుక్కెడు నీళ్లు తాగుతాడు. తర్వాత తనకు తెలియకుండానే పప్పు ఎక్కువ కలుపుకుంటాడు, పెరుగన్నంలోకి మారతాడు, తర్వాత జావ. ఇంట్లోవాళ్లు ‘వయసు మీద పడింది, పళ్లు లేవు’ అనుకుంటారు. ఈ అలవాటు మార్పు మీ ఇంట్లో, చుట్టాల్లో ఎవరిలో కనిపించినా ఎండోస్కోపీ ఆలస్యం చేయనివ్వకండి. ఇంకొకటి: మెట్లెక్కినప్పుడు, నడిచినప్పుడు వచ్చే మంట, చెమటతోనో ఎడమచేతి లాగుడుతోనో వచ్చే మంట ఎసిడిటీ అనుకోవద్దు. ముందు ఈసీజీ.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు నాన్నగారి కాగితాల నకళ్లు, మీరు వాడే మాత్రల కవర్లు, మంట వారానికి ఎన్నిసార్లు, రాత్రి నిద్రలో లేపుతోందా అన్నవి రాసిన చీటీ పట్టుకెళ్లండి.

మీ చెల్లెలి విషయం. మంట లేదు, వయసు 41, ఆడవారిలో అడినోకార్సినోమా మగవారికన్నా చాలా తక్కువ. ఇప్పుడు ఎండోస్కోపీ వల్ల ఆమెకు వచ్చే లాభం లేదు. వారం వారం మంట మొదలై సాగితే అప్పుడు కుటుంబ చరిత్ర చెప్పి చూపించుకోవాలి. అబ్బాయికి 17 ఏళ్లకు ఏ పరీక్షా వద్దు. అతనికి మీరు ఇవ్వగలిగిన రక్షణ సిగరెట్, గుట్కా, ఖైనీ అంటకుండా చూడడం, మద్యం జోలికి పోనివ్వకపోవడం, బరువు అదుపులో ఉండేలా చూడడం. పదిహేనేళ్లు తాగి మానేసిన మీ మాట అతను వింటాడు. మీ ఎండోస్కోపీలో బారెట్స్ అని తేలితే మాత్రం చెల్లెలి లెక్క మారుతుంది: అప్పుడు ఆమెకు తండ్రి ఒక్కరే కాదు, అన్న కూడా ఆ జాబితాలో చేరతారు. కాబట్టి మీ రిపోర్టు నకలు ఒకటి ఆమెకు పంపి, ఆమె డాక్టరుకు చూపించమని చెప్పండి.